బొంత నడుమ ముడత

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉన్నది ఒక బొంత. నవ్వకండి. నాలుగు పాత చీరలు కలిపి కుట్టిన బొంత బరువు ఎంతని? కానీ దాని గురించి నేనాడిన ఒక్క అబద్ధాన్ని ఇప్పటిదాకా దింపుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. వరంగల్‌లో, మా కాశిబుగ్గ వాడకట్టులో బొంత అంటే నాదే. ఎవరింట్లో కాన్పు దగ్గరపడినా పాత చీరలు మూటగట్టి మా ఇంటికే తెచ్చేవాళ్లు. నా కుట్టు చీమల బారులా సాగేది. ఇది పొగడ్త కాదు, ఉన్నమాట.

డెబ్బైల మధ్యలో మా మరిదికి పెళ్లయి సరోజన నాకు తోడికోడలుగా వచ్చింది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరం ఒకే బొంత మొదలుపెట్టాం. ఒక్కో వరసను ఆమె ఆ అంచు నుంచి, నేను ఈ అంచు నుంచి కుట్టుకుంటూ వస్తే నడుమ కలవాలి. కలవలేదు. నా వరసలు పక్కకు జరిగాయి, గుడ్డ ముడత పడింది. ఎందుకు జరిగాయి? కొత్తగా వచ్చిన పిల్ల చెయ్యి నాకంటే జోరుగా నడుస్తుంటే, ఆమెకంటే ముందు నడుమకు చేరాలని తొందరపడ్డాను. అంతే.

మా అత్తమ్మకు అప్పటికే చూపు ఆనదు. చేత్తో తడిమి ముడత పట్టేసింది.

“ఎవల కుట్టు వంకర వోయిందే?” అంది.

“సరోజనదే అత్తమ్మా. కొత్త చెయ్యి గదా, జర వంకర వోయింది” అన్నాను.

“నేను సక్కగనే కుట్టిన గదక్కా...” అంటూ సరోజన నా మొహం చూసింది. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

“ఇగ నువ్వు సూది వట్టకు బిడ్డా. పెద్దామె కుడ్తది” అంది అత్తమ్మ.

సరోజన మళ్లీ సూది పట్టలేదు. రవికె కుట్టు ఊడినా నా దగ్గరకే తెచ్చేది. నేనేమో ఆ బొంత ముట్టుకోలేకపోయాను. పరిచినప్పుడల్లా నా వంకర నాకే కనిపించేది. తీరిక లేదని చెప్పి చివరికి పెట్టె అడుగున పడేశాను. ఆమె కూతురు ఎవరిదో పాత బొంతలో పెరిగింది. తర్వాత మరిదికి రైల్వేలో పని దొరికి వాళ్లు డోర్నకల్ వెళ్లిపోయారు. అప్పుడు నాకు హాయిగా అనిపించిందని చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది.

అత్తమ్మ పోయాక, చాలా ఏళ్లకు సరోజన మళ్లీ కడుపుతో ఉందని కబురొచ్చింది. బొంత బయటికి తీశాను. ఆమె వరసలు చూసి నోరు వెళ్లబెట్టాను. అంత తిన్నగా నేను ఎన్నడూ కుట్టలేదు. నా సగమంతా విప్పేశాను. ఆమె దారం ఎక్కడ ఆగిందో అక్కడ అందుకుని, ఆమె దారికే నా వరసను నడిపించాను. వానాకాలమంతా దాని మీదే కూర్చున్నాను. ఏ పక్క ఎవరిదో నేనే చెప్పలేనంత బాగా కుదిరింది. నా బతుకులో చేసిన మంచి పని అదే. గర్వపడకూడదా? పడ్డాను.

బండెక్కి డోర్నకల్ పోయి ఇచ్చాను. సరోజన నడుమ నిమిరి చూసి కూతుర్ని పిలిచింది. “మీ పెద్దమ్మ చెయ్యి సూడే. నాకు కుట్టు రాదని గప్పుడే మీ నాయినమ్మ మాన్పిచ్చింది” అంది. నవ్వుతూనే అంది. నిజమని నమ్మే అంది. నిజం నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. భయమా? కాదు. ఆ మెచ్చుకోలు ఇంకాసేపు వినాలనిపించింది.

తిరుగు బండిలో కూర్చున్నాక తట్టింది. నా తప్పుకు ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నా చేత్తోనే విప్పేశాను. ఇప్పుడు వెళ్లి చెప్పినా, నన్ను సంతోషపెట్టడానికి అంటున్నావులే అక్కా అని కొట్టిపారేస్తుంది. ఆమెకు చూపించడానికి నా దగ్గర ఏముంది?

అయినా ఒక్కచోటైనా రాసి ఉండాలి కదా. వంకర పోయింది నా కుట్టు. సరోజన చెయ్యి నా చెయ్యికంటే మంచిది. హమ్మయ్య, అనేశాను.