ఫోటోలో చెరిగిన నాయన

వాగ్దేవికి మ్రొక్కి, కార్తీక బహుళ తదియనాడు ఇది వ్రాస్తున్నాను. ఉదయం మనవరాలు చూపిన పరుగుపందెపు ఫోటోలో వెనుకనున్న జనమంతా గీతలై సాగి ఉండగా, నాకు మా అక్క పాత ఫోటో గుర్తుకు వచ్చింది.

నా చిన్ననాడు మైపాడు సముద్రపుటొడ్డు ఇసుకలో అక్క పరుగుపందెం గెలిచింది. ఫోటోలో అక్క స్పష్టంగా నిలిచింది. వెనుకనున్న నాయన ముఖం అలుక్కుపోయింది.

"నాయన్ని ఏం చేసినావన్నా?" అని ఫోటో తీసినాయన్ను అడిగాను.

"కెమెరాను మీ అక్కతోపాటే తిప్పినా పాపా. ఎనకాలోళ్లను చెరిపేసినా!" అని ఫోటోగ్రాఫరు నవ్వాడు.

చెరిపినవారిని సముద్రం తీసుకొంటుందని భయపడి, నాయన చేపలవేటకు పోకుండా ఆయన పంచె పట్టుకొనే తిరిగాను.

"నన్నొదిలి అక్కకాడ కూచో తల్లీ, దానికి ఒళ్లు కాలతా ఉండాది" అని నాయన అన్నా వినలేదు.

ఆ వారమంతా నేను నాయన ముఖమొక్కటే చూశాను. ఆ ఏటి మార్గశిర శుద్ధ ఏకాదశినాడు అక్క ఆ జ్వరంతోనే పోయింది.