ఎర్రక్షరాల్లో సరిత పేరు

మా సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్ పెట్టిన ప్రతిసారీ, అందరి కోడ్‌నూ కలిపి తయారుచేసే బిల్డ్ పాసైందో ఫెయిలైందో చెబుతూ మా టీమ్ మొత్తానికి ఒక ఆటోమేటిక్ మెయిల్ వెళ్తుంది. ఈ రోజు పొద్దున మిర్యాలగూడలో ఇంట్లో కూర్చుని దాన్ని నేనే మార్చాను. ఫెయిలైతే చివరగా కోడ్ పెట్టినవాళ్ల పేరు ఎర్రక్షరాల్లో వచ్చేలా స్క్రిప్టు రాశాను.

మధ్యాహ్నం బిల్డ్ ఫెయిలైంది. కోదాడ నుంచి పనిచేసే సరిత పేరు అందరికీ వెళ్లింది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, అందులో నా పేరొక్కటే ఉంది. నేనేం తప్పు చేశానో రాయలేదు."

బిల్డ్ ఎందుకు ఆగిందో నమోదయ్యే లాగ్ తీసి చూస్తే సర్వర్‌లో చోటు నిండిపోయింది. ఆమె తప్పేమీ లేదు.

పక్కన అన్నం తింటున్న నాన్న అంతా విన్నాడు. రైస్ మిల్లులో వడ్ల తేమ చూసేది ఆయనే.

"మేము వడ్లు వాపస్ పంపితే ముందుగాల రైతుకు మిషన్‌ల తేమ ఎంతుందో సూపిస్తం. నలుగురిల ఆయన పేరెత్తం" అన్నాడు.

పేరు తీసేసి, లాగ్‌లో ఉన్న కారణమే మెయిల్‌లో వచ్చేలా స్క్రిప్టు మార్చాను. బిల్డ్ ఆగింది సరిత వల్ల కాదని, ఆమె పేరు వచ్చేలా చేయడం నా తప్పని అందరికీ ఇంకో మెయిల్ రాశాను.

మొదటి మెయిల్‌కి నవ్వు బొమ్మలతో తొమ్మిది జవాబులొచ్చాయి. రెండోదానికి ఇంతవరకు ఒక్కటీ రాలేదు. ఆ రెండో మెయిల్‌లో మీరైతే ఏమని రాసేవారు?