అంచున ఎర్ర సిరా

కమలాకుమారి గారికి పాలప్యాకెట్ మీద నమ్మకం లేదు, గోడగడియారం మీద అంతకన్నా లేదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లిషు చెప్పి, కాపీ కొట్టేవాళ్ళను వీపు చూసే పోల్చుకోవడం అలవాటైన మనిషి. రిటైరయ్యాక చిక్కడపల్లిలో తన ఇంటి ముందుగదిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఆరుగురికి పాఠం చెబుతున్నారు. ఒక్కో క్రియకు నాలుగేసి పేజీలు, నీలి సిరాతో, తీగలు పాకినట్టుండే అక్షరాలు. ఆ నోట్సు గడప దాటదు.

పిల్లల కోసం ఒక్కసారి దాటింది. జ్వరంతో హాస్టల్లో పడుకుని 'రిటర్న్' పాఠానికి రాలేకపోయిన భాగ్యశ్రీకి ఇచ్చారు. ఇచ్చే ముందురోజే ఎర్ర సిరాతో అంచున ఒక మాట చేర్చారు: "రిటర్న్‌లోనే వెనక్కి రావడం ఉంది, పక్కన బ్యాక్ తగిలించొద్దు. రిటర్న్ హోమ్ అనాలి, మధ్యలో టు రాదు. అదే హైదరాబాదుకైతే టు కావాలి."

సోమవారం తెస్తానన్న పిల్ల గురువారం తెచ్చింది. మధ్య మూడు రోజులూ ఆవిడ కంట్లో నలుసులా మెదిలాయి.

ఆ సాయంత్రమే అశోక్ నగర్ టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళ చేతుల్లో తన అక్షరాలు కనబడ్డాయి. జిరాక్సు కాగితాల మీద, నీలం పోయి, పొగరంగులో. బాలకిషన్ జిరాక్సు షాపులో అమ్ముతున్నారట.

మర్నాడు అందరి ముందే అడిగారు.

"ఎంతమందికి పంచావమ్మా నా నోట్సు?"

"ఎవ్వరికియ్యలే మేడం. జ్వరం తగ్గలే, చేత్తోని రాసుకునేసరికి లేటయింది. జర నమ్మున్రి."

"దొరికినవాళ్ళంతా నమ్మమనే అంటారు. రేపటి నుంచి రావద్దు."

పరీక్షకు ఇరవై రోజులే ఉంది. భాగ్యశ్రీ చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగింది. మళ్ళీ వచ్చి, ఎవరినీ చూడకుండా వేసుకుని వెళ్ళింది.

రుజువు కూడా చేతికి రావాలని కమలాకుమారి గారు బాలకిషన్ షాపుకు వెళ్ళారు. ఒక కట్ట కొని అక్కడే తిరగేశారు. 'రిటర్న్' పేజీ ఉంది. అంచు మాత్రం ఖాళీ. ఎర్ర సిరాతో చేర్చిన మాట లేదు. అంటే, ఇది ఆ పిల్ల చేతికి వెళ్ళకముందు తీసిన కాపీ.

"ఇవి నీకెవరిచ్చారయ్యా?"

"గదేంది మేడం, మీరే గదా! వానలు పడ్డప్పుడు నోట్సు తడుస్తదని ఒక కాపీ తీపిచ్చుకపోయిన్రు. మీ రాత మంచిగున్నదని నేనొకటి ఉంచుకున్న. పోరగాళ్ళు ఎగబడుతున్రు!"

మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు. అతన్ని తిడదామన్నా ఆవిడకు నోరు రాలేదు. పొద్దున ఆ నోటితో ఒకర్ని తిట్టే వచ్చారు.

అక్కణ్ణుంచి ఆటోలో నేరుగా నారాయణగూడ హాస్టల్‌కి. భాగ్యశ్రీ కిందికి వచ్చి, గేటు సగమే తెరిచి నిలబడింది.

"తప్పు నాదేనమ్మా. కాపీ తీయించింది నేనే, మరిచిపోయాను. రేపు రా."

"అందరి ముందట అన్నరు మేడం."

"అందరి ముందే చెబుతాను." ఆవిడ సంచిలోంచి నోట్సు తీసి చాపారు. "ఇది పరీక్షయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో."

అది తనను కరుస్తుందేమో అన్నట్టు చూసి, భాగ్యశ్రీ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు మేడం. రేపొస్త. మీ ముందట కూసొనే రాసుకుంట."

గేటు గడియ పడింది. కమలాకుమారి గారి చేయి ఇంకాసేపు చాపినట్టే ఉండిపోయింది.