బాలమ్మ చొప్పకుప్ప, నా మంటల పాఠం

మంటలు ఆర్పడం నేర్పడానికి వెళ్లి, నేర్పిన చోటే నిప్పు పెట్టి వచ్చినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే చదవండి, అది నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వనపర్తిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నా ఉద్యోగం. ఊరూరా తిరిగి అగ్నిప్రమాదాల గురించి చెప్పడం మా పని. మాకున్న ఆస్తల్లా ఒక పాత జీపు, మంటలార్పే ఎర్ర సిలిండర్. ఆ దసరాకు ఆయుధపూజ నా చేతుల మీదుగానే జరిగింది. సిలిండర్‌కు పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ జారిపోకుండా పిడినీ పిన్నునూ కలిపి దారం చుట్టి, ముడి మీద ముడి వేశాను. నా భక్తి అలాంటిది.

పండుగ అయ్యాక వీపనగండ్ల పక్క ఊళ్లో కార్యక్రమం. పొద్దున తడి గోనెసంచులతో మంటను కప్పేయడం నేర్పాను. చక్కగా నేర్చుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. సిలిండర్ గొప్పతనం కూడా చూపించాలనిపించి, బాలమ్మ అనే రైతు కళ్లంలో కాస్త చెత్త పోగేశాను. పక్కనే ఆమె జొన్నచొప్ప కుప్ప. ఎండాకాలం దాకా ఆమె ఎడ్లకు అదే మేత.

"సార్, సొప్ప దగ్గరున్నది, జర సూడు" అని ఆమె అననే అంది.

"నేనున్న గదమ్మా" అన్నాను. అందరినీ కూర్చోబెట్టి, నా అరుపుల గురించి ఇంకో మాట కూడా చెప్పాను: "నిజంగ అంటుకున్నట్లే ఒర్లుత. మీరు పరేషాన్ కావొద్దు, లేవొద్దు."

నిప్పు పెట్టి, లాగితే తప్ప సిలిండర్ పనిచేయని ఆ పిన్ను లాగాను. రాలేదు. పళ్లతో ముడి కొరికాను. నోట్లోకి పసుపు వచ్చింది గానీ పిన్ను రాలేదు. ఇంతలో గాలి తిరిగి కుప్ప అంచు అంటుకుంది.

అంటుకుంది, లేవండని అరిచాను. ఊరు చప్పట్లు కొట్టింది. ఎగిరాను, తల బాదుకున్నాను. పోయిన ఏడు నాటకం ఆడినవాళ్లకంటే ఈ సార్ నయమని ఒక ముసలాయన పక్కవాడితో మెచ్చుకున్నాడు కూడా.

చివరికి గొంతు పోయింది. బాలమ్మ ముందుకెళ్లి చేతులు జోడించి, వినపడీ వినపడనట్టు అన్నాను: "నీ సొప్ప కాలుతున్నదమ్మా."

ఆమె ఒక్క ఉదుటున లేచింది. వెనకే ఊరంతా లేచింది. పొద్దున నేర్పినట్టే తడి సంచులతో కప్పేశారు. అంచు మాడింది, మేత దక్కింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బాలమ్మ సంచి దులుపుతూ నా వైపు చూసింది. "ముందుగాలనే గిట్ల మెల్లగ చెప్పొద్దా సార్? ఒర్లితే మాకెట్ల తెలుస్తది?"

అందుకే ఆ మాడిన చొప్ప సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై నా మీసానికే నిప్పంటుకున్నా అరవను. పక్కనున్నవారి దగ్గరికెళ్లి, వీలుంటే ఒకసారి ఇటు చూడమని మెల్లగా మనవి చేసుకుంటాను.