తాతగారి ప్లాను, ప్రెసిడెంటుగారి సంతకం

2009లో అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కంపెనీలో బెనిఫిట్స్ మేనేజరుగా చేరాను, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్సు వ్యవహారమంతా చూడటం నా పని. హోదా ప్రకారం నా పైన హెచ్.ఆర్. డైరెక్టరు ఉండాలి. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీయే కనుక నా పైన యజమాని ప్రభాకర్‌గారు, ఆయన పైన దేవుడు అనుకునేదాన్ని. వాళ్ళిద్దరి మధ్య ఇంకో హోదా ఉందని 2012 నవంబరులో తెలిసింది.

నవంబరు మాకు ఓపెన్ ఎన్‌రోల్‌మెంటు నెల, అంటే వచ్చే ఏడాదికి ప్లాన్లు ఎంచుకునే కాలం. ఆ ఏడు టీవీలో ఎక్కడ చూసినా ఒకటే రగడ. ఆడవాళ్ళ గర్భనిరోధక సాధనాలకు ఇన్సూరెన్సు పూర్తిగా చెల్లించాలి, రోగి చేతినుంచి ఏమీ తీసుకోకూడదు అని కొత్త ఆరోగ్య చట్టం కింద నియమం వచ్చింది. మా మతానికి విరుద్ధమని కొందరు యజమానులు కోర్టులకెక్కారు. మా ప్రభాకర్‌గారికి మతాభ్యంతరాలేవీ లేవు. ఆయనకున్నవల్లా సిగ్గు, ప్రీమియం పెరుగుతుందన్న బెంగ.

ఆ నియమంలో ఒక మినహాయింపు ఉంది. చట్టం రాకముందునుంచీ పెద్ద మార్పుల్లేకుండా నడుస్తున్న ప్లాన్లకు అది వర్తించదు. వాటిని గ్రాండ్‌ఫాదర్డ్ ప్లాన్లంటారు. మాది అలాంటిదే, ఆఫీసులో 'తాతగారి ప్లాను' అనేవాళ్ళం. అందులో గర్భనిరోధకాలు ఉన్నాయి, కాని పేరుకే. డిడక్టిబుల్, అంటే ఏడాది మొదట్లో మన జేబునుంచి పెట్టుకోవలసిన మొత్తం, దాటితేగాని ఇన్సూరెన్సు కదలదు.

అక్టోబరు చివర్లో లావణ్య ఫోన్ చేసింది. మా కన్సల్టెంటు సురేశ్ భార్య. ఒళ్ళో ఎనిమిది నెలల పాప. గర్భంతో ఉన్నప్పుడు లావణ్యకి బీపీ పెరిగి, చివరికి ప్రాణంమీదికి వచ్చి బయటపడింది. ఇంకో కాన్పుకి కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారట. బీపీ ఉంది కనుక హార్మోన్లుండే మామూలు టాబ్లెట్లు, ఒంటికి అంటించుకునే ప్యాచ్, లోపల పెట్టుకునే రింగ్ వద్దన్నారు. కాపర్-టి అయితే హార్మోన్ల గొడవ ఉండదని ఆమె దానికే మొగ్గింది.

"మా ఊళ్ళో నర్సమ్మ ఫ్రీగా వేస్తుంది అక్కా. ఇక్కడ బిల్ చూస్తే, దానికంటే టికెట్ బుక్ చేసుకుని ఇండియా వెళ్ళి రావడమే బెటర్ అనిపిస్తోంది" అని నవ్వింది. ఆ వెంటనే, "భయంగా ఉందక్కా. ఇంకోసారి అంటే నా వల్ల కాదు" అంది.

మర్నాడే ప్రభాకర్‌గారి దగ్గరికి వెళ్ళి, ఎవరి పేరూ ఎత్తకుండా, ప్లాను మార్చమని అడిగాను. మనవాళ్ళు ఇలాంటివి అడగరు విజయగారూ, అని ఆయన ఇబ్బందిగా ప్రింటరు వైపు చూశారు. ఎన్‌రోల్‌మెంటు కాల్‌లో ఒక్కరడిగినా ఆలోచిద్దామని మాటిచ్చారు. ఆ ఒక్కరు ఉండరని ఆయన ధీమా.

మా కన్సల్టెంట్లు తలో క్లయింటు దగ్గరా ఉంటారు కాబట్టి మీటింగంటే కాన్ఫరెన్స్ కాలే, అదీ సాయంత్రం ఏడింటికి. అప్పటికి అందరూ ఇళ్ళకు చేరి, ఫోన్ స్పీకర్లో పెట్టి, వంటింటి గట్టుమీద పడేసి ఉంటారు. కుక్కరు కూతలు, పిల్లల ఏడుపుల మధ్య నేను ప్లాను వివరాలు చదవాలి. ఆ రోజు ప్రభాకర్‌గారు కూడా ఇంటినుంచే కలిశారు.

కొత్త ప్లాన్లలో ఉచితంగా వచ్చేవి ఇవీ అంటూ మొదలుపెట్టాను. టాబ్లెట్లు, ప్యాచ్, రింగ్, మూడు నెలల ఇంజెక్షను, చేతిలో పెట్టే ఇంప్లాంటు, కాపర్-టి... 'ఇంజెక్షను' దగ్గరికి వచ్చేసరికి కూతలూ ఏడుపులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మగమహారాజులందరూ మ్యూట్ నొక్కేశారు.

"ప్రశ్నలేం లేవు కదా? గుడ్" అన్నారు ప్రభాకర్‌గారు, హాయిగా.

ఒక్క సురేశ్ మాత్రం మ్యూట్ నొక్కడం మరిచిపోయాడు. "నువ్వూరుకోవే, సర్ లైన్లో ఉన్నారు" అన్న గుసగుస కంపెనీ అంతటికీ వినిపించింది. "సర్ ఉన్నప్పుడే కదా అడగాలి, ఇటివ్వు" అని లావణ్య ఫోన్ లాక్కుంది.

"నమస్తే సర్. సురేశ్ వైఫ్‌ని. మన ప్లాన్‌లో కాపర్-టి ఫ్రీగా రావాలంటే ఏం చెయ్యాలి సర్?"

గట్టు తెగింది. ఒక్కో ఇంట్లో మ్యూట్ ఊడుతోంది, ఒక్కో ఆడగొంతు. ఒకావిడకి రింగ్ కావాలి. ఇంకొకావిడ, "ఆంటీ, సత్యనారాయణ వ్రతం ముందు డేట్ పోస్ట్‌పోన్ చేస్తారే, ఆ టాబ్లెట్లు కూడా కవర్ అవుతాయా?" అని అడిగింది. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడ, "ఇదేం దేశమే, కాపర్-టి కూడా కొనుక్కోవాల్నా?" అని బుగ్గలు నొక్కుకున్నంత పని చేసింది. నాకు పట్టరాని సంతోషం.

"ఇవి పర్సనల్ మేటర్స్ అమ్మా, ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అని ప్రభాకర్‌గారు అంటుండగా, ఆయన ఫోన్లోనే పోపు చిటపటలాడింది. వెనక ఆయన భార్య రాజ్యలక్ష్మిగారి గొంతు.

"ఏవండీ, మన చిన్నాడు పుట్టాక, మా చెల్లెలి పెళ్ళని అందరికీ చెప్పి నన్ను ఇండియా పంపించింది ఇందుక్కాదూ? పెళ్ళి భోజనం చేసి, కాపర్-టి వేయించుకునొచ్చాను. పాపం ఈ పిల్ల ఎవరి పెళ్ళికని వెళ్తుంది?"

కాల్ అంతా ఘొల్లుమంది. నేను మ్యూట్ నొక్కి, బల్లమీద తల ఆన్చి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను.

అంతా అయ్యాక కూడా మర్నాడు ప్రభాకర్‌గారు పాత ప్లానే రెన్యూ చెయ్యమన్నారు. ఆలోచిద్దామన్నాను, ఆలోచించాను, అన్నారు! నాకు ఒళ్ళు మండింది. అయితే రెన్యువల్ కాగితంమీద కంపెనీ ప్రెసిడెంటు సంతకం ఉండాలి. మహిళల కంపెనీలకు ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ప్రాధాన్యం ఉంటుందని, మొదట్లోనే ఆయన కంపెనీని భార్య పేర పెట్టారు. కాగితాలు ఇంటికి పట్టుకెళ్తే ఆవిడ కూర కలుపుతూ సంతకం పెట్టేసేవారు.

ఈసారి ఆవిడే ఆఫీసుకొచ్చారు, స్వెటర్ మీద కొంగు సర్దుకుంటూ.

"అమ్మా విజయా, ఇక్కడ ప్రెసిడెంటుని నేనేనా?"

కంపెనీ పుట్టిన రోజునుంచీ మీరేనండీ, అన్నాను. రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చెప్పమన్నారు. శ్రద్ధగా విని పాతదాన్ని భర్తవైపు తోసేశారు. ప్రీమియం పెరుగుతుందని ఆయన మొత్తుకున్నారు.

"పెరిగితే పెరగనివ్వండి. కొత్త కారు వచ్చే ఏడు కొనుక్కుందురుగాని" అని కొత్త ప్లానుమీద పొందిగ్గా సంతకం చేశారు.

జనవరిలో లావణ్య ఫోన్ చేసింది. "అయిపోయిందక్కా! పదినిమిషాలు కూడా పట్టలేదు" అని ఒకటే నవ్వు. వెనక పాప కూడా కేరింతలు కొడుతోంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా రెండు నియమాలు తప్పలేదు. ఏ ప్లాను కాగితమైనా ముందు రాజ్యలక్ష్మిగారికి చూపించాను. ఎన్‌రోల్‌మెంటు కాల్ ఆఫీసువేళల్లో పెడదామని ప్రభాకర్‌గారు ఏటా అడిగేవారు. ఏటా వంటవేళకే పెట్టాను.