అవ్వ వేసిన ఓటు

తిరుపతిలో మా మేడమీద వాటాలో ఒక జర్మన్ ఆవిడ ఆరు నెలలు అద్దెకున్నారు. రిటైరైన టీచరు. ఒకరోజు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పుత్తూరు కట్టు సంగతి ఎక్కడ విన్నారో, అక్కడికే పోదామని పట్టుబట్టారు. నేనే తోడు వెళ్లాను.

బెంచీ మీద మా పక్కన, కాలు వాచిన ఒక ముసలామె కూర్చుని ఉంది. "ఈయమ్మది ఏ ఊరంట?" అని నన్నడిగింది.

కోబుర్గ్ అన్నారు ఆవిడ. ఇంగ్లీషులో చెబుతూ పోతే నేను తెలుగు చేశాను. అది ఒక డ్యూకు ఏలిన చిన్న రాజ్యం. మొదటి యుద్ధం ముగియగానే ఆయన గద్దె దిగాడు. ఏడాదిన్నర పాటు రాజు లేకుండా ఆ చిన్న నేల తన పాలన తానే చూసుకుంది. పక్కనున్న తురింగియాలో కలవాలా అని జనాన్ని ఓటడిగారు. ఎక్కువమంది వద్దన్నారు. కోబుర్గ్ బవేరియాలో కలిసింది. వద్దన్నవాళ్లలో ఈవిడ అవ్వ ఒకరు.

ఆ అవ్వ అక్కను తురింగియా పల్లెకే ఇచ్చారు. నడిస్తే రెండు గంటలు. రెండో యుద్ధం తర్వాత దేశం రెండు ముక్కలై, బవేరియా ఒక ముక్కలో, తురింగియా ఇంకో ముక్కలో పడ్డప్పుడు ఆ హద్దు మీదే ముళ్లకంచె లేచింది. అక్క చనిపోతే అవ్వను పోనివ్వలేదు. గుట్టెక్కి, అవతలి చర్చి గోపురాన్ని చూస్తూ నిలబడిందట. "మా అక్కను నా చేతులతో నేనే అవతల పడేశాను" అని చివరిదాకా బాధపడిందట.

"కంచె ఇంకా ఉండాదా?" అంది ముసలామె.

"లేదవ్వా, ఎప్పుడో తీసేశారు."

"మరి ఆ అక్క బిడ్డల ఇంటికి ఈయమ్మ పోయినాదా?"

నేను అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఏ మొహం పెట్టుకుని పోను, అన్నారు.

"మా చెల్లెలు తిరుత్తణిలో ఉండాది. ముందర అదీ మా చిత్తూరు జిల్లానే. నా చిన్నప్పుడే అరవదేశంలో కలిపేసినారు. నేను తెలుగులో తిడతా, అది అరవంలో తిడతాది. పోవడం మటుకు మాన్లా. కంచె ఏస్తారని మీ అవ్వకు యాడ తెలుసు తల్లీ? పోయి సూడు."

నేను తెలుగు నుంచి మార్చి చెప్పేలోపే ఆవిడ ముసలామె చేయి పట్టుకున్నారు.

జర్మనీ వెళ్లిన నెలకు ఫోన్ చేశారు. అక్క మనవరాలి ఇంటికి వెళ్లారట. ఆ ఇంట్లో అవ్వ మీద ఎవరికీ కోపం లేదట. పైగా ఆ అక్క అందరికీ గొప్పగా చెప్పుకునేదట: "మా చెల్లెలు ఓటేసేందుకు వేసుకుపోయిన కోటు నాదే. నేనే గుండీలు కుట్టిచ్చాను."