తాతయ్య మరిచిపోయిన రోగం పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గట్టిగా పలకకూడని మాట ఒకటుండేది. షుగరు. ఆరో తరగతి సెలవుల్లో నేను సన్నబడిపోయాను. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. చివరికి మగతలో పడితే కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంటికి తిరిగొచ్చాక రోజూ రెండు పూటలా మా అమ్మ గాజు సిరంజి నీళ్ళలో మరగబెట్టి, తలుపు గడియ పెట్టి, నాకు ఇన్సులిన్ సూది వేసేది. ఎవరైనా అడిగితే రక్తం తక్కువని చెప్పేది. ఆడపిల్లను, రేపు పెళ్ళి కావాలన్నది ఆమె భయం. నాకైతే భయం కూడా లేదు. తొడలో సూది దిగుతుంటే ఇంకెవరి కాలో చూస్తున్నట్లు చూసేదాన్ని.

అమ్మ వాళ్ళ నాయన, మా తాతయ్య, రాచర్లలో మాతోనే ఉంటూ గొర్రెలు మేపేవాడు. బడి తెరిచిన రోజు గిద్దలూరు బస్సు దాకా నాతో వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి కండక్టరుతో, "నాయనా, మా పిల్లకు ఒక రోగముంది. పేరేందో నాకు గుర్తుండి చావదు. నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు.

ఆయన మరిచిపోలేదని నాకు తెలుసు. ముందురోజే ఆ మాట మీద అమ్మతో వాదులాడాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాడు. తాతయ్య కాలు తీయలేదు.

"షుగరు" అన్నాను చివరికి. బస్సంతా విన్నది.

తనూ బస్సెక్కి, బడి ముందు టీ దుకాణం నడిపే అక్క దగ్గరా, క్లాసు టీచరు దగ్గరా నా చేతే చెప్పించాడు. కళ్ళు తిరిగితే చక్కెర పెట్టాలని కూడా నేనే చెప్పాను. మేము ఇల్లు చేరేలోపు కబురు చేరింది.

"నా బిడ్డ బతుకు బజార్న పెట్టినావు గదా నాయనా" అన్నది అమ్మ.

"బజార్లో పడిపోతే ఎత్తేది బజారోళ్ళే గదమ్మా" అన్నాడాయన. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది గానీ మాట్లాడటం మానేసింది.

వానాకాలంలో ఒక పరీక్ష రోజు సూది వేయించుకుని, సరిగా తినకుండానే పరుగెత్తాను. బస్సు దిగి నడుస్తుంటే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. టీ దుకాణం బల్ల మీద కూలబడ్డాను.

"ఫిట్సు! తాళాలు చేతిలో పెట్టండి" అన్నారెవరో.

"ఫిట్సు కాదు, షుగరు. ఆ పాపే చెప్పింది నాకు" అంటూ అక్క నీళ్ళలో చక్కెర కలిపి, నా తల పట్టుకుని, గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి మనుషులు మళ్ళీ మనుషుల్లా కనిపించారు. నేను ఏడవలేదు. సంతోషమూ కలగలేదు. లేచి పరీక్షకు పోయాను.

సాయంత్రం జరిగింది ఇంట్లో చెప్పాను. అమ్మ తాతయ్య వైపు తిరిగి, "ఆ దుకాణమామె పేరేంది నాయనా?" అని అడిగింది. వాళ్ళిద్దరి మధ్య మాటలు మళ్ళీ అక్కడ మొదలయ్యాయి.

అమ్మ భయపడినట్లే నాకు వచ్చిన సంబంధాలు కొన్ని వెనక్కి పోయాయి. తెలిసి కూడా వచ్చినవాళ్ళ ఇంటికి కోడలినయ్యాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్ళకు ముందే చెబుతాను, మా ఊరి పేరు చెప్పినట్లు. అందులో సిగ్గూ లేదు, ధైర్యమూ లేదు. కొందరు కాస్త పక్కకు జరుగుతారు. జరిగితే జరగనీ, విన్నారు కదా.